విమానంలో పొగ, కాలిన వాసన వస్తే ఏం చేయాలి: చెన్నై తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు. 11 ఏళ్ళు విమానాల్లో క్యాబిన్ క్రూగా పనిచేశాను. ఇప్పుడు చెన్నైలో, మీనంబాక్కం విమానాశ్రయానికి దగ్గర్లో నంగనల్లూరులో ఉంటున్నాను. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో ఎవరైనా అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయలుదేరినా, పండక్కి హైదరాబాదో విశాఖపట్నమో వెళ్తున్నా ముందు రోజు సాయంత్రం ఒకసారి మా ఇంటికి వస్తారు. సామాను గురించి మొదలుపెట్టి, చివరికి గొంతు తగ్గించి, "అమ్మాయ్, పైన ఉండగా పొగ వస్తే ఎట్లా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలూ నేను చెప్పే జవాబులూ ఇక్కడ రాస్తున్నాను.

విమానంలో నిజంగా మంట పుట్టడం చాలా అరుదు. కానీ పుడితే చేతిలో ఉండేవి నిమిషాలే. వాటిలో మొదటి నిమిషం చాలాసార్లు ప్రయాణికుల చేతిలోనే ఉంటుంది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

విమానం ఎక్కగానే పైనుంచి తెల్లటి పొగ దిగుతోంది. అది పొగేనా?

చెన్నైలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నూటికి తొంభై తొమ్మిది సార్లు అది పొగ కాదు, నీటి ఆవిరి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ. విమానం తలుపులు తెరిచి ఉన్నంతసేపూ ఆ తేమగాలి లోపలికి వస్తూనే ఉంటుంది. పై నుంచి ఏసీ చల్లగాలి దానికి తగలగానే తేమ చిన్న చిన్న బిందువులుగా మారి మంచులా కనిపిస్తుంది. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు వచ్చే తెల్లటి ఆవిరి లాంటిదే ఇదీ. మే, జూన్ నెలల్లోనూ, వాన కురిసి వెలిసిన సాయంత్రాల్లోనూ మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

ఒకసారి మే నెల రాత్రి, జనం ఇంకా ఎక్కుతూ ఉండగానే ఒక పెద్దాయన లేచి "పొగ, పొగ" అని అరిచారు. ఆయనతో పాటు నాలుగు వరుసల వాళ్ళు లేచి నిలబడ్డారు. నేను ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని గాలి వచ్చే చోట పెట్టాను. "చల్లగా ఉంది తల్లీ" అన్నారు. వాసన ఉందా అని అడిగాను. లేదన్నారు. అంతే, అందరూ కూర్చున్నారు.

గుర్తుపట్టే పద్ధతి కూడా అదే. ఆవిరికి వాసన ఉండదు, కళ్ళు మండవు, చేతికి చల్లగా తగులుతుంది, కిందికి జారుతూ రెండు మూడు అడుగుల్లోనే మాయమవుతుంది. పొగ అట్లా మాయం కాదు. వాసన ఉంటుంది, గొంతు పట్టుకుంటుంది, పైకప్పు దగ్గర పేరుకుంటుంది, బూడిద రంగులోనో నల్లగానో ఉంటుంది. అనుమానం తీరకపోతే క్రూని అడగండి. రోజుకు పదిసార్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మా పనిలో భాగమే.

గాల్లో ఉండగా కాలిన వాసన వస్తే మొదట ఏం చేయాలి?

తల మీద ఉన్న కాల్ బటన్ నొక్కండి. క్రూ వెంటనే రాకపోతే లేచి వెళ్ళి చెప్పండి. సీటు బెల్టు గుర్తు వెలిగి ఉన్నా సరే, ఈ ఒక్క విషయానికి గట్టిగా పిలవచ్చు. అయితే "మంటలు, మంటలు" అని కేకలు పెట్టకండి. ఇరుకు నడవాలో 180 మంది ఒక్కసారిగా లేస్తే మంట ఆర్పాల్సిన వాళ్ళకే దారి ఉండదు.

చెప్పేటప్పుడు మీ వరుస నంబరు, వాసన ఎట్లాంటిది, ఎటువైపు నుంచి వస్తోంది, పొగ కంటికి కనిపించిందా లేదా అన్నది చెబితే చాలు.

మనవాళ్ళలో పెద్ద ఇబ్బంది మొహమాటం. ఒక ప్రయాణంలో అందరూ దిగిపోయాక ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "అరగంట నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తూనే ఉందమ్మా, మీరు భోజనాలు పెడుతూ తీరిక లేకుండా ఉన్నారు కదా, ఎందుకులే అని చెప్పలేదు" అంది. వెళ్ళి చూస్తే ఆవిడ ముందు సీటు వెనక ఎవరో మర్చిపోయిన చార్జర్ ఒకటి, ఒక పక్క కరిగి ఉంది. ఆ రోజు ఏమీ కాలేదు. కానీ ఆ అరగంట గుర్తొస్తే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మీరు చెప్పింది చివరికి ఏమీ కాదని తేలినా ఎవరూ విసుక్కోరు. చెప్పకుండా ఉండటమే ప్రమాదం.

ఏ వాసన మామూలుది, ఏది కాదు?

నేల మీద ఉండగా కిరోసిన్ లాంటి వాసన వస్తే అది పక్క విమానం పొగ లోపలికి రావడం వల్ల. ఇంజిన్లు మొదలుపెట్టే సమయంలో ఇది మామూలే. భోజనం వేడి చేసేటప్పుడు ఓవెన్‌లో పడిన నూనె మాడిన వాసన వస్తుంది. టేకాఫ్ సమయంలో ఇంజిన్‌లోకి పక్షి పోతే మాంసం కాలిన వాసన వస్తుంది. పైలట్లకు ఆ సంగతి తెలుస్తుంది.

చాలా విమానాల్లో మనం పీల్చే గాలి ఇంజిన్ల నుంచే వస్తుంది కాబట్టి, ఇంజిన్ ఆయిల్ కొంచెం కారినా తడి సాక్సుల కంపులాంటి వాసన వస్తుంది. ఇది మంట కాకపోయినా చెప్పాల్సిందే.

అసలు భయపడాల్సింది కరెంటు తీగ కాలిన వాసనకి. ఇంట్లో స్విచ్ బోర్డు మాడితే వచ్చే ఘాటు అందరికీ తెలుసు. ఆ వాసన గాల్లో వస్తే ఆలోచించకుండా బటన్ నొక్కండి. అది గోడల వెనక, పైకప్పు వెనక, కంటికి కనిపించని చోట పుట్టి ఉండవచ్చు. క్రూ గోడల మీద చేతి వెనక భాగం పెట్టి వేడి ఎక్కడుందో వెతకడం మీరు చూస్తే, వాళ్ళు చేస్తున్నది ఆ పనే.

క్రూ మంటను ఎట్లా ఆర్పుతారు?

ముగ్గురు ముగ్గురిగా పని పంచుకుంటారు. మంటను మొదట చూసినవాళ్ళు దగ్గర్లో ఉన్న మంటలార్పే సిలిండర్ తీసుకుని ఆర్పడం మొదలుపెడతారు. రెండోవాళ్ళు కాక్‌పిట్‌కి ఫోన్ చేసి, పని అయ్యేవరకూ లైను కట్ చేయకుండా చెబుతూ ఉంటారు. మూడోవాళ్ళు ఇంకో సిలిండర్, పొగ ముసుగు, చేతి తొడుగులు అందిస్తారు, చుట్టుపక్కల కూర్చున్న వాళ్ళను వేరే సీట్లకు జరుపుతారు. ఆ ముసుగు తలంతా కప్పే సంచిలా ఉంటుంది. అందులో పావుగంటకు సరిపడా ఆక్సిజన్ ఉంటుంది. ముసుగు వేసుకున్న మనిషిని చూసి పిల్లలు జడుసుకుంటారు, ముందే చెప్పి ఉంచండి.

లేవమంటే లేవండి, జరగమంటే జరగండి. "నా సీటు ఇదే" అని వాదించిన వాళ్ళను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

టాయిలెట్‌లో సిగరెట్ కాలిస్తే నిజంగా అంత ప్రమాదమా?

అవును. 1973 జూలై 11న బ్రెజిల్‌కు చెందిన వారిగ్ సంస్థ విమానం పారిస్ చేరబోతుండగా వెనక టాయిలెట్ చెత్తబుట్టలో మంట పుట్టింది. కాగితాల మధ్య పడిన సిగరెట్ పీకే కారణం కావచ్చని భావించారు. విమానం రన్‌వే వరకు కూడా చేరలేక పొలంలో దిగింది. 123 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగతోనే.

పదేళ్ళ తర్వాత, 1983 జూన్ 2న, ఎయిర్ కెనడా 797 విమానంలో కూడా వెనక టాయిలెట్ దగ్గరే మంట మొదలైంది. పైలట్లు సిన్సినాటిలో క్షేమంగా దించారు. తలుపులు తెరిచాక బయటి గాలి లోపలికి పోయింది. నిమిషమో నిమిషంన్నరో గడిచేసరికి లోపలంతా ఒక్కసారిగా అంటుకుంది. 46 మందిలో 23 మంది బయటికి రాలేకపోయారు. ఈ రోజు టాయిలెట్లలో పొగను పసిగట్టే పరికరం ఉందన్నా, చెత్తబుట్టలో తనంతట తాను పనిచేసే ఆర్పే సీసా ఉందన్నా, నేల మీద దారి చూపే దీపాల వరుస ఉందన్నా ఆ ప్రమాదం తర్వాత వచ్చిన నిబంధనల వల్లే.

"మరి టాయిలెట్ తలుపు మీద యాష్‌ట్రే ఎందుకుంది?" అని కూడా అడుగుతారు. ఎవరైనా నిషేధాన్ని కాదని వెలిగిస్తే, ఆ పీకను చెత్తబుట్టలో పడేయకుండా ఉండేందుకు. అది సిగరెట్ కాల్చుకోవడానికి అనుమతి కాదు. ఈ-సిగరెట్లయితే మన దేశంలో 2019 నుంచి చట్టప్రకారమే నిషేధం.

పైలట్లు ఆ సమయంలో ఏం చేస్తారు? మాతో ఎందుకు మాట్లాడరు?

మొదట మాస్కులు తగిలించుకుంటారు. వాళ్ళ మాస్కులు మనవాటిలా ఉండవు, కళ్ళు కూడా కప్పి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తాయి. తర్వాత రేడియోలో "మేడే" (ఆపదలో ఉన్నామని చెప్పే మాట) అని మూడుసార్లు చెప్పి, కంట్రోల్ వాళ్ళ రాడార్‌లో ఆపద అని తెలిసేలా 7700 కోడ్ పెడతారు. దాంతో మిగతా విమానాలన్నిటినీ పక్కకు తప్పించి దారి ఇస్తారు. గమ్యం ఏదైనా సరే, దగ్గర్లో దిగగలిగిన విమానాశ్రయానికి తిప్పుతారు. చెన్నై నుంచి హైదరాబాదు వెళ్ళే విమానం తిరుపతిలో దిగవచ్చు, విజయవాడలో దిగవచ్చు, వెనక్కి మీనంబాక్కమే రావచ్చు.

ఈ తొందర ఎందుకో చెప్పడానికి ఒక్క ప్రమాదం చాలు. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా బయలుదేరిన స్విస్‌ఎయిర్ 111 విమానం కాక్‌పిట్‌లో ఏదో వాసన వచ్చింది. మొదట అది ఏసీ వాసన అనుకున్నారు. పైకప్పు వెనక తీగల్లో నిప్పురవ్వ పుట్టి, చుట్టూ ఉన్న ఇన్సులేషన్ పొర అంటుకుందని తర్వాత దర్యాప్తులో తేలింది. వాసన వచ్చిన క్షణం నుంచి కెనడా తీరంలో సముద్రంలో పడేవరకు దాదాపు 21 నిమిషాలు. 229 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఎత్తు నుంచి ఎంత వేగంగా దించినా నేల తాకడానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఆ లెక్క చూస్తే, పొగ ఎక్కడి నుంచి వస్తోందో వెంటనే తెలియకపోతే వెతుకుతూ కూర్చోకుండా దిగే దారి పట్టాలని పైలట్లకు ఎందుకు నేర్పుతారో అర్థమవుతుంది.

అంత పని మధ్యలో మీతో మాట్లాడటానికి వాళ్ళకు సమయం దొరకదు. కాక్‌పిట్ నుంచి మాట రాకపోతే చేతులెత్తేశారని అనుకోకండి. ముందు విమానం నడపాలి, తర్వాత కంట్రోల్ టవర్‌తో మాట్లాడాలి, మనతో మాట ఆ తర్వాతే.

పొగ వచ్చినప్పుడు పైనుంచి ఆక్సిజన్ మాస్కులు ఎందుకు పడవు?

అవి పొగ కోసం పెట్టినవి కావు. లోపలి గాలి ఒత్తిడి తగ్గినప్పుడు, అంటే క్యాబిన్‌లో గాలి 14,000 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచబడినప్పుడు పడతాయి. ఆ మాస్కులో ఆక్సిజన్‌తో పాటు చుట్టూ ఉన్న గాలి కూడా కలుస్తుంది. చుట్టూ పొగ ఉంటే పొగే పీలుస్తారు. పైగా మంట ఉన్నచోట ఆక్సిజన్ వదిలితే మంట ఇంకా పెరుగుతుంది. మాస్కు పడలేదని గొడవ చేయకండి, పైన ఉన్న మూత మీరే లాగాలని చూడకండి.

అయితే పొగలో ఊపిరి ఎట్లా?

పొగ పైకి పోతుంది, మంచి గాలి కింద ఉంటుంది. సీటులోనే తల వీలైనంత కిందికి వంచండి. ముక్కూ నోరూ బట్టతో మూయండి. తడి బట్టయితే మసి కొంత ఆగుతుంది. కొంగు చివర, కండువా, చేతిరుమాలు ఏదైనా సరే. మంచినీళ్ళ సీసా అందుబాటులో ఉంచుకోండి. కానీ ఈ తడిబట్ట కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపలేదు, కాబట్టి అది నాలుగు నిమిషాల ఆసరా మాత్రమే. గట్టిగా, లోతుగా పీల్చకుండా చిన్న చిన్న ఊపిరులు తీసుకోండి.

విమానం ఎక్కి కూర్చోగానే మీ ముందు, వెనక ఉన్న ద్వారాలకు ఎన్ని వరుసలో లెక్కపెట్టండి. నేను ఇప్పుడు ప్రయాణికురాలిగా వెళ్ళినా ఆ పని చేయందే బెల్టు పెట్టుకోను. పొగ నిండితే కళ్ళు కనిపించవు, చేత్తో సీట్ల వీపులు తడుముతూ లెక్క పెట్టుకుంటూ పోవాల్సి వస్తుంది. "ముందు ఏడు, వెనక నాలుగు" అని ఒక్కసారి మనసులో అనుకుంటే చాలు, గుర్తుండిపోతుంది.

పవర్ బ్యాంకు తీసుకెళ్ళవచ్చా? దాని గురించి ఇంత గొడవ ఎందుకు?

తీసుకెళ్ళవచ్చు, చేతి సంచిలో మాత్రమే. చెక్-ఇన్ సామానులో ఎప్పుడూ పెట్టకూడదు. లిథియం బ్యాటరీ లోపల దెబ్బతింటే తనలోంచి తానే వేడి పుట్టించుకుంటుంది. ఒక సెల్ వేడి పక్క సెల్‌ని అంటిస్తుంది, అది ఇంకోదాన్ని. మంట ఆరినట్టే కనిపించి మళ్ళీ లేస్తుంది. మా కళ్ళ ముందు అంటుకుంటే ఆర్పగలం. కింద సామాను గదిలో అంటుకుంటే అక్కడికి చేరే దారే లేదు.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలో గిమ్హే విమానాశ్రయంలో ఒక ఎయిర్‌బస్ బయలుదేరడానికి సిద్ధంగా ఉండగా తల మీది సామాను అరలో మంట పుట్టింది. లోపల ఉన్న 176 మందీ బయటపడ్డారు, విమానం పైకప్పు మాత్రం కాలిపోయింది. పవర్ బ్యాంకు లోపల ఇన్సులేషన్ దెబ్బతినడమే కారణం కావచ్చని దర్యాప్తు చేసినవాళ్ళు చెప్పారు. అదే గాల్లో జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే కష్టంగా ఉంటుంది. ఆ తర్వాతే పవర్ బ్యాంకులు పై అరలో పెట్టకూడదని కొరియాలో నియమం పెట్టారు. మీరు కూడా ఎక్కడికెళ్ళినా దాన్ని ముందు సీటు జేబులోనో కాళ్ళ దగ్గర సంచిలోనో కంటికి కనిపించేలా ఉంచుకోండి. విమానంలో దాంతో చార్జింగ్ పెట్టకండి. చాలా సంస్థలు ఇప్పుడు దాన్ని నిషేధించాయి కూడా.

ఎంత సైజు వరకు అన్న లెక్క ఇది. దాని మీద రాసి ఉన్న ఎంఏహెచ్ అంకెను 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత, వస్తాయి. 10,000 అయితే 37. 20,000 అయితే 74. 100 వరకు అనుమతి అడగక్కర్లేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ఒప్పుకోవాలి, అవి కూడా రెండే. 160 దాటితే కుదరదు. అంకెలు చెరిగిపోయినది, ఉబ్బినది, కింద పడి సొట్టపోయినది ఇంట్లోనే వదిలేయండి.

అందరూ మర్చిపోయే విషయం ఇంకొకటి ఉంది. విమానం నిండిపోయిందని గేటు దగ్గర మీ చేతి సంచిని తీసుకుని కింద సామానులో వేస్తామంటారు చూడండి, ఆ క్షణంలో పవర్ బ్యాంకు, అదనపు బ్యాటరీలు తీసి చేతిలో పెట్టుకోవాలి. వెనక లైను కదులుతోందని టెన్షన్ పడకండి. ఆ రెండు నిమిషాలూ ఆగమనండి.

ఫోన్ సీటు సందులోకి జారిపోతే?

సీటు కదపకండి, వెనక్కి వాల్చకండి. సీటు మధ్య నలిగిన ఫోన్ బ్యాటరీ అంటుకుంటుంది. క్రూని పిలవండి, వాళ్ళు తీస్తారు.

నా ఫోనే పొగలు కక్కుతుంటే నీళ్ళు పోయాలా?

ముందు క్రూని పిలవండి, మీరు దూరం జరగండి. దాన్ని చేత్తో పట్టుకోకండి, సంచిలో దోపకండి, దుప్పటి కప్పకండి. క్రూ మొదట సిలిండర్‌తో మంట ఆర్పి, తర్వాత నీళ్ళు పోస్తూనే ఉంటారు, బ్యాటరీ పూర్తిగా చల్లబడేవరకు. నీళ్ళు అయిపోతే కూల్ డ్రింకు, జ్యూస్, మద్యం కానిది ఏదైనా పోస్తారు. ఐసు ముక్కలు మాత్రం పెట్టకూడదు, అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. సీటు కింద కరెంటు సాకెట్ కాలుతుంటే నీళ్ళు పోయకూడదు, ముందు కరెంటు ఆపాలి. అందుకే ఆ పని మీరు చేయకుండా వాళ్ళకే వదలండి.

దీపావళికి చెన్నైలో టపాకాయలు కొన్నాం. కాసిని తీసుకెళ్ళవచ్చా?

ఒక్క కాకరపువ్వొత్తి కూడా తీసుకెళ్ళకూడదు. చేతి సంచిలోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు. అగ్గిపెట్టెలు కూడా అంతే. హారతి కర్పూరం కూడా మండే పదార్థాల జాబితాలో ఉంది. పూజ సామాను సర్దేటప్పుడు మన ఇళ్ళలో అలవాటుగా ఒక పొట్లం పడిపోతుంది, వెతికి తీసేయండి.

కురిడీ సంగతి చెబితే చాలామంది నమ్మరు. నూనె ఎక్కువగా ఉండే ఎండుకొబ్బరి గాలి ఆడని చోట తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉన్న పదార్థం కాబట్టి దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. చెక్-ఇన్ సామానులో కురిడీలు దొరికితే తీసేస్తారు. పెళ్ళి సామానుతో వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది, ఊళ్ళో దిగాక కొనుక్కోవచ్చు.

కింద సామాను గదిలో మంట పుడితే?

అక్కడ పొగను పసిగట్టే పరికరాలు ఉంటాయి. కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగగానే పైలట్లు బటన్ నొక్కి మంటను అణచే వాయువు వదులుతారు. ఆ వాయువు, విమానం దిగేవరకు మంటను అదుపులో ఉంచడానికి. మీరు చేయగలిగిన సాయం సామాను సర్దేటప్పుడే అయిపోతుంది.

కిటికీలోంచి చూస్తే ఇంజిన్ నుంచి మంటలు వస్తున్నాయి. అంతే సంగతులా?

కాదు. ప్రతి ఇంజిన్‌కూ ఆర్పే సీసాలు ఉంటాయి. పైలట్లు ఇంధనం ఆపేసి వాటిని వదులుతారు. ఒక్క ఇంజిన్‌తో విమానం ఎగరగలదు, దిగగలదు. 2024 మే 18 రాత్రి బెంగళూరు నుంచి కొచ్చి బయలుదేరిన విమానం ఇంజిన్‌లో మంటలు కనిపించాయి. వెంటనే బెంగళూరులోనే దిగారు. 179 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది అందరూ బయటపడ్డారు.

ఇంజిన్ మొదలుపెట్టేటప్పుడు వెనక గొట్టంలోంచి ఒక్కోసారి పెద్ద జ్వాల వస్తుంది. లోపల మిగిలిన ఇంధనం మండటం అది. చూడటానికి ఘోరంగా ఉంటుంది, మామూలుగా ఇంజిన్ తిప్పుతూ ఉంచితే పోతుంది. అయినా మీరు చూసింది చెప్పండి. రెక్కల వెనక ఏం జరుగుతోందో పైలట్లకు వాళ్ళ కిటికీలోంచి కనిపించదు. మీ కళ్ళే వాళ్ళకు కళ్ళు.

విమానం నేల తాకింది, పొగ ఉంది. నేనే తలుపు తీయవచ్చా?

క్రూ చెప్పేవరకు ఆగండి. ఆ తలుపు బయటే మంట ఉండవచ్చు, ఇంజిన్ ఇంకా తిరుగుతూ ఉండవచ్చు. క్రూ ముందు అద్దంలోంచి బయట చూసి, క్షేమమైన తలుపే తీస్తారు.

దిగాక ఆలస్యం చేస్తే ఏమవుతుందో 1980 ఆగస్టు 19న రియాద్‌లో తెలిసింది. సౌదియా 163 విమానం మంటతోనే వెనక్కి వచ్చి క్షేమంగా దిగింది. కానీ రన్‌వే మీద వెంటనే ఆగలేదు. ఆగాక కూడా ఇంజిన్లు కాసేపు తిరుగుతూనే ఉన్నాయి, తలుపులు సమయానికి తెరుచుకోలేదు. లోపలున్న 301 మందీ చనిపోయారు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది 2024 జనవరి 2, టోక్యో హనేదా. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ రన్‌వే మీద ఉన్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొంది. ఆ చిన్న విమానంలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో 379 మంది ఉన్నారు. మైకు పనిచేయలేదు, క్రూ గొంతుతో, చేతి మెగాఫోన్లతో చెప్పారు. ఎనిమిది ద్వారాల్లో మూడే వాడగలిగారు. 18 నిమిషాల్లో చివరి మనిషి కూడా దిగాడు. తర్వాత విమానం మొత్తం కాలిపోయింది. దాదాపు ఎవరి చేతిలోనూ సామాను లేదు. ఆ వీడియో చూసినప్పుడు నేను ఏడ్చేశాను. పదకొండేళ్ళు మేం గొంతు చించుకుని చెప్పిన మాటను అంతమంది ఒకేసారి వినడం అదే మొదటిసారి చూడటం.

నగలు, పాస్‌పోర్ట్ ఉన్న సంచి కూడా వదిలేయాలా?

వదిలేయాలి. కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చే ముందు సగం ద్వారాలు మూసేసి, నిండా ఉన్న మనుషులు 90 సెకన్లలో బయటపడగలరని నిరూపించాలి. ఆ లెక్కలో సంచులు దించుకునే సమయం లేదు. మీరు పై అర తెరిచిన ఐదు సెకన్లలో వెనక ముగ్గురు నలుగురు ఆగిపోతారు. చక్రాల పెట్టె అంచు తగిలితే, కిందికి జారడానికి తలుపు దగ్గర విచ్చుకునే గాలితో నిండిన స్లయిడ్ చిరుగుతుంది. అది చిరిగితే ఆ ద్వారం ఇక ఎవరికీ పనికిరాదు.

మనవాళ్ళ బాధ నాకు తెలుసు. పెళ్ళికి వెళ్తూ అమ్మాయి నగలు చేతి సంచిలో పెట్టుకునే ఇల్లు లేదు. అందుకే పరిష్కారం ఇంట్లోనే చూసుకోండి. పాస్‌పోర్ట్, రోజూ వేసుకునే మందులు, కొంచెం డబ్బు, విలువైన చిన్న నగలు ఒంటికి కట్టుకునే చిన్న పర్సులో పెట్టుకుని, టేకాఫ్ ల్యాండింగ్ సమయాల్లో అది ఒంటి మీదే ఉంచుకోండి. అప్పుడు పై అరలో ఏమున్నా చూడకుండా వెళ్ళిపోగలరు.

చీరలో స్లయిడ్ మీద జారగలనా?

జారవచ్చు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకోండి, కొంగు నడుము చుట్టూ బిగించండి. నూలు చీరో, నూలు చుడీదారో మేలు. సింథటిక్ బట్ట వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటుంది. హీల్ చెప్పులు విప్పేయాలి. మామూలు బూట్లు, కాలికి పట్టి ఉండే చెప్పులు ఉంచుకోవచ్చు. స్లయిడ్ అంచున కూర్చుని ఆలోచించకండి, చేతులు గుండె మీద కట్టుకుని దూకి కూర్చున్నట్టు జారండి. చంటిబిడ్డను ఎదకు హత్తుకుని, తలను చేత్తో కాపాడుతూ మీరే తీసుకుని జారాలి.

అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదు. ఒంటరిగా వెళ్తున్నారు. ఎట్లా?

చెన్నై విమానాల్లో ప్రకటనలు ఇంగ్లీషు, హిందీ, కొన్నిసార్లు తమిళంలో వినిపిస్తాయి. తెలుగు వినిపించడం తక్కువ. ఆపదలో క్రూ అరిచే మాటలు మాత్రం చాలా చిన్నవి. ఈ నాలుగూ వాళ్ళకు నేర్పించండి. "బ్రేస్" అంటే తల వంచి ముందు సీటుకు ఆనించుకోవడం. "ఇవాక్యుయేట్" అంటే ఇప్పుడే బయటికి. "లీవ్ ఎవ్రీథింగ్" అంటే సామాను వదిలేయమని. "జంప్" అంటే స్లయిడ్ మీదికి దూకమని. మా వీధిలో ఒక పిన్నిగారికి 70 దాటాయి. అమెరికా వెళ్ళే ముందు మా హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి ఈ నాలుగూ నాలుగుసార్లు చెప్పించాను. తిరిగొచ్చాక, "నాకు అవసరం పడలేదు కానీ పక్క సీటు ఆవిడకు కూడా నేర్పాను" అన్నారు.

వీల్‌చైర్ కావాలంటే బుకింగ్‌లోనే చెప్పండి. ఎక్కగానే క్రూ వాళ్ళ దగ్గరికి వచ్చి, ఎవరు సాయం చేస్తారో, ఏ ద్వారం దగ్గరో చెబుతారు. క్రూ రాకపోతే తామే అడగాలని అమ్మానాన్నలకు చెప్పి పంపండి. తెలుగు వచ్చిన క్రూ ఉన్నారా అని అడగడంలో తప్పు లేదు, చెన్నై విమానాల్లో తరచుగా ఒకరైనా ఉంటారు.

బయటికి దిగాక ఏం చేయాలి?

గాలి మీ వైపు నుంచి విమానం వైపు వీచే పక్కకు, కనీసం వంద మీటర్లు నడవండి. గుంపుగా ఉండండి, లెక్క పెట్టుకోవడానికి వీలవుతుంది. రన్‌వే దాటకండి. ఫైరింజన్లు రెండు మూడు నిమిషాల్లోనే వచ్చేస్తాయి. నురుగు, పొగ మధ్య వాటి డ్రైవర్లకు మనుషులు కనిపించరు. వీడియోలు తీస్తూ నిలబడకండి. స్లయిడ్ దిగువన నిలబడి, మీ తర్వాత జారేవాళ్ళను లేపి పక్కకు పంపగలిగితే చాలా మేలు.

పొగ పీల్చినవాళ్ళు బాగానే ఉన్నాం అనిపించినా అక్కడి డాక్టరుకు చూపించుకోవాలి. గొంతు బొంగురుపోవడం, ముక్కులో మసి, ఆగని దగ్గు, తలనొప్పి, మగత ఇవన్నీ కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతాయి. ఇంటికి వెళ్ళి పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకండి. ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళి, పొగలో ఎంతసేపు ఉన్నారో డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.